కచ్చేరిలోని శ్రుతపాండిత్యము

గ్రంథపఠనముచేతగాక వినికిడిచేత అబ్బిన విద్యను మనవారు శ్రుతపాండిత్య మందురు. పురాణశ్రవణమునకును సంగీతమునకును వాడుచు వచ్చిన ఈ మాట, పరభాషాపదములు జనుల నోటికెక్కిన తీరును విచారించుటకు గూడ ఉపకరించును. అనంతపురసీమలో అక్షరమెరుగని మెట్టరైతు కౌలు, తకావి, వజా, జప్తు, బాకీ, వసూలు అను మాటలను తడుముకొనక వాడెడివాడు. ఇవన్నియు అరబ్బీ పారసీకములనుండి వచ్చినవి. ఆ భాషలను అతనికి బోధించిన గురువు లేడు.

ఈ పీఠభూమి పలుభాషల ప్రభువులను చూచినది. హేమావతినుండి ఏలిన నొళంబుల శాసనములు కన్నడమున నున్నవి. 1565 తరువాత పెనుగొండ విజయనగరప్రభువులకు రాజధాని యయ్యెను. మరాఠా వంశీయుడగు మురారిరావు ఘోర్పడే ఏలిన గుత్తి 1776లో హైదరాలి వశమయ్యెను. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తము చేసెను. ప్రభుత్వములు మారినను శిస్తు కచ్చేరి భాష అంతగా మారలేదు. అందు మరాఠీ మాటలాడు ఉద్యోగులు పలువురుండిరి. కావున మన రైతు పారసీకపదమును పారసీకుని నోటనుండి గాక, పెక్కుమారులు మరాఠీవాని నోటనుండి వినెననుట సత్యదూరము కాదు.

అయితే రైతు స్వయముగా వినవలసిన అగత్యమేమి? 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగానుండిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టెను. నడుమ కొంతకాలము తొలగినను అది మరల నెలకొనెను. దానిలో సర్కారునకు బాధ్యుడు ఏ జమీందారుడో కాక ఒక్కొక్క రైతే. ఏటేట జమాబందిలో తన లెక్క తానే వినవలెను. ఏడాదికొకమారు, అవే మాటలు, అదే సందర్భమున! 2008లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, జపానుదేశపు విద్యార్థులు ఆంగ్లకథలను కేవలము విని నేర్చిన మాటలు, చదివి నేర్చిన వానికంటె చాల తక్కువయని తేలినది. పలుమారులు ఎదురైన మాటయే నిలుచుననియు తెలిసినది. ఆ ఆవృత్తి మన రైతునకు సమృద్ధిగా నుండెను.

చెవిద్వారా వచ్చినవనుటకు ఆ పదముల రూపమే సాక్ష్యము. వ్రాయసకాడు ‘ఫసలీ’ యని వ్రాయగా రైతు ‘పసలి’ యనును. ‘ఖర్చు’ను ‘కర్చు’ అనును. అర్థమును చూడుడు. అరబ్బీలో ‘కౌల్’ అనగా మాట, పలుకు. పరిపాలనలో అది అభయపత్రముగను, గుత్తపు ఒడంబడికగను పరిణమించినది. తెలుగురైతునకు దక్కినది ఈ తుదియర్థమొక్కటియే. నిఘంటువు చదివినవానికి మూలార్థము గూడ తెలియును. కచ్చేరిలో విన్నవానికి పనికివచ్చిన అర్థమే తెలియును. దీనిని లోపమనుట నాకు సమ్మతము కాదు.

వజా, జప్తు అను జంటమాటలు మరింత ఆలోచింపదగినవి. అరబ్బీలో రెండింటను ఒకే విశిష్టవ్యంజనమున్నది. మనకు చేరునప్పటికి రెండింటను అది ‘జ’కారమయ్యెను. ఒకటి శిస్తులో తగ్గింపు. మరియొకటి ఆస్తిని పట్టుకొనుట. సగటున ఏటికి 550 మిల్లీమీటర్ల వానయైనను నిలుకడగా పడని నేలపై, ఈ రెంటి భేదమును తెలియక రైతు ఇంటికి పోజాలడు. ఎద్దులు కొట్టమున మిగులుటయు మిగులకపోవుటయు ఆ ఒక్క మాటలో నుండెను.

‘తకావి’ మాట గూడ ఇట్టిదే. బలమిచ్చుట అని దాని మూలార్థము; విత్తనములకు, ఎద్దులకు, బావులకు సర్కారు ఇచ్చు అప్పునకు ఇది పేరు. 1876–78 నాటి ధాతకరువులో ఈ ప్రాంతము, అప్పటి బళ్లారిజిల్లా భాగముగా, ఘోరముగా దెబ్బతినెను. 1882లో అనంతపురము ప్రత్యేకజిల్లా యయ్యెను. 1883, 1884 సంవత్సరముల చట్టములు ఇట్టి అప్పులకు క్రమమేర్పరచెను. చట్టముల పేర్లు ఆంగ్లమున నుండగా రైతునోట నిలిచినది పాతమాటయే.

బ్రౌను ఇట్టి పదములను 1852 నాటి తన తెలుగు నిఘంటువునుండి విడదీసి, 1854లో మిశ్రభాషాపదములకు వేరుగ నిఘంటువు కూర్చెను. కోశకర్తకు ఆ విభాగము అవసరమే. కాని జప్తుచేయు, వసూలుచేయు అని తెలుగుధాతువును చేర్చి వాడుకొన్న రైతునకు అవి అన్యదేశ్యములన్న ఊహయే లేదు. తకావి పోయినను కౌలు పోలేదు. నేటికిని పరులభూమిని దున్నువానికి మనమిచ్చిన పేరు కౌలురైతు.