కౌలాలంపూర్–సింగపూర్: విమాన దూరం, ప్రయాణ సమయం

మలేసియాలోని కౌలాలంపూర్, సింగపూర్ నగరాల మధ్య విమాన దూరం సుమారు 296 కి.మీ. (160 నాటికల్ మైళ్లు). సెపాంగ్‌లోని కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి చాంగీ విమానాశ్రయానికి భూగోళంపై అతి దగ్గరి దారి ఇది. నగర కేంద్రాల నుంచి కొలిస్తే దాదాపు 316 కి.మీ. వస్తుంది. పట్టికల్లో రెండు అంకెలూ కనిపిస్తాయి. విమాన సమయాన్ని లెక్కించడానికి మొదటిదే తగినది.

దూరంలో మార్పులు

విమానాశ్రయాలు తరలినకొద్దీ ఈ దూరమూ మారింది. సింగపూర్‌లో కల్లాంగ్ (1937), పాయా లేబార్ (1955), చాంగీ (1981) ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. కౌలాలంపూర్‌లో సుంగై బెసి స్థానంలో 1965లో సుబాంగ్, 1998లో సెపాంగ్ వచ్చాయి. సుబాంగ్–చాంగీ మధ్య దూరం సుమారు 335 కి.మీ. సెపాంగ్ నగరానికి దక్షిణాన ఉండటంతో గాలిలో దాదాపు 40 కి.మీ. తగ్గింది. అయితే అక్కడి నుంచి నగరంలోని కె.ఎల్. సెంట్రల్ స్టేషన్‌కు 57 కి.మీ. రైలు ప్రయాణం ఉంది. ఎక్స్‌ప్రెస్ రైలుకు ఇది 28 నిమిషాలు.

ప్రయాణ సమయం

టైంటేబుళ్లలో సాధారణంగా గంట నుంచి గంటంబావు దాకా చూపుతారు. విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరేదాకా పట్టే సమయం ఇది. గాలిలో ఉండేది ముప్పావు గంటకు అటూ ఇటూ మాత్రమే. రన్‌వే రద్దీ, మధ్యాహ్నపు ఉరుముల వానల వల్ల ఆలస్యమయ్యే అవకాశం ఉంటుంది. 1982 జనవరి 1 నుంచి రెండు దేశాలూ గ్రీనిచ్ కంటే 8 గంటలు ముందున్న సమయాన్నే పాటిస్తున్నాయి కనుక గడియారం మార్చుకోనక్కర్లేదు.

చరిత్ర

ఈ మార్గంలో తొలి క్రమబద్ధ సర్వీసును వేర్న్స్ సంస్థ 1937 జూన్‌లో సింగపూర్–కౌలాలంపూర్–పెనాంగ్ మధ్య నడిపింది. యుద్ధానంతరం మలయన్ ఎయిర్‌వేస్ ఎప్పుడు మొదలైందన్న విషయంలో 1947 ఏప్రిల్ 2, మే 1 అనే రెండు తేదీలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది అద్దె విమానం తేదీ, రెండోది టైంటేబుల్ ప్రకారం సర్వీసు మొదలైన రోజు. కాబట్టి మే 1ని ప్రారంభ దినంగా తీసుకోవడమే సబబు. ఆ సంస్థ వారసురాలైన మలేసియా–సింగపూర్ ఎయిర్‌లైన్స్ 1972లో రెండుగా విడిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఈ మార్గం ప్రధానంగా రెండు జాతీయ సంస్థల చేతుల్లోనే ఉంది. 2008 ఫిబ్రవరిలో చవక విమాన సంస్థలకు తలుపులు తెరిచాక సర్వీసులు బాగా పెరిగాయి.

ఇతర మార్గాలు

రోడ్డు దూరం సుమారు 350 కి.మీ. బస్సులో అయిదారు గంటలు పడుతుంది. సరిహద్దు తనిఖీల వద్ద రద్దీని బట్టి ఇంకా పెరగవచ్చు. గంటన్నరలో చేర్చే హైస్పీడ్ రైలుకు 2016లో ఒప్పందం కుదిరినా, 2020 డిసెంబర్ 31తో గడువు ముగిసి అది రద్దయింది. రైలుకు కౌలాలంపూర్ వైపు స్టేషన్‌గా అనుకున్న స్థలం పాత సుంగై బెసి విమానాశ్రయానిదే.

రద్దీ

2023లో సీట్ల సంఖ్య ప్రకారం అంతర్జాతీయ మార్గాల్లో ఇదే ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడాది అందుబాటులో ఉన్న సీట్లు దాదాపు 49 లక్షలు.