రోగానికి కులం లేదంటారు: జొన్న గటక, ఫ్లోరిన్ నీళ్లు, వాడ చరిత్ర

తినే తిండిని బట్టి, తాగే నీళ్లను బట్టి, బతికే చోటును బట్టి మనిషికి రోగం వస్తుందని వైద్యశాస్త్రం చెబుతుంది. దీంతో మాకు పేచీ లేదు. కానీ ఎవరి కంచంలో ఏం పడాలో, ఎవరు ఏ బావిలో చేద వేయాలో, ఎవరు ఎండలో వంగి పని చేయాలో నిర్ణయించింది ఎవరు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి 'పేదరికం' అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. తెలంగాణ పల్లెల్లో రెండు జబ్బుల చరిత్ర తిరగేస్తే ఆ మాట వెనక ఏం దాగుందో తెలుస్తుంది. ఒకటి పెల్లాగ్రా. రెండోది నల్గొండ ఫ్లోరోసిస్.

పెల్లాగ్రా వస్తే ఎండ తగిలే చేతులు, కాళ్లు, మెడ మీది తోలు నల్లబడి పొరలు పొరలుగా లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెడుతుంది, ప్రాణమే పోతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న పిండి మీద బతికిన కౌలు రైతులను, మిల్లు కూలీలను ఇది వేలల్లో చంపింది. అంటురోగమని అక్కడి డాక్టర్లు చాలామంది నమ్మారు. 1915లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ మిసిసిపీలోని ఒక జైలు ఫారంలో ఖైదీలకు ఆ తిండే పెట్టి, ఈ రోగం క్రిమి వల్ల కాదు, తిండి వల్లనే వస్తుందని చూపించాడు. మాంసం, పాలు అందితే తగ్గుతుందని చెప్పాడు. లోపించింది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది.

అప్పటిదాకా పెల్లాగ్రా అంటే మొక్కజొన్న జబ్బు. మన దగ్గర మొక్కజొన్న కాదు, జొన్న తినేవాళ్లకు వచ్చింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల (1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ) దీన్ని పట్టించుకుంది. జొన్నలోని మాంసకృత్తుల్లో లూసిన్ మోతాదు ఎక్కువని, అది ఒంట్లో నియాసిన్ తయారీని చెడగొడుతుందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఈ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. అయితే ఒక విషయంలో తేడా లేదు. పప్పు, పాలు, మాంసం, కూర తోడైతే జొన్న ఎవరికీ కీడు చేయదు. మూడు పూటలా ఒట్టి గటక, పచ్చి పులుసు, గొడ్డుకారంతో గడిపితేనే రోగం. నేరం జొన్నది కాదు, జొన్న పక్కన ఏమీ లేని కంచానిది.

ఆ కంచం అట్లా ఎందుకుంది? దొర దగ్గర జీతమున్నోనికి, కూలికి పోయినామెకు చేతికొచ్చేది గింజలే. మెట్ట తాలూకాల్లో ఆ గింజలు జొన్నలు. చెరువు కింది తరి భూమి ఎవరిది? చాలా ఊళ్లలో తూము తెరిచి మడి మడికీ నీళ్లు పారించిన నీరటికాడు మన వాడ మనిషే. నాటేసింది మన ఆడోళ్లే. ఆ మడిలో పండిన వరి అన్నం మాత్రం వాడలో పండగనాడు గానీ కనిపించలేదు. పెల్లాగ్రా మాల మాదిగలకే వచ్చిందని మేం అనడం లేదు. గింజల కూలి మీద బతికిన బీసీ కులాల ఇళ్లనూ అది వదల్లేదు. అయితే భూమి లేనితనం వాడలో తరతరాల వారసత్వం. అందుకే రోగమూ వారసత్వంలాగే కనిపించింది.

ఇంకో సంగతి. నియాసిన్ బాగా దొరికే తిండిలో గొడ్డు మాంసం ఒకటి. వాడ వాళ్లు కోసుకుని, ఎండబెట్టి, వానాకాలానికి దాచుకున్న తునకలను చూసి ఊరు ముక్కు మూసుకుంది. గోల్డ్‌బెర్గర్ మందుగా చెప్పిన తిండినే మన దగ్గర అంటరానితనానికి గుర్తుగా చేశారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. చచ్చిన గొడ్డును ఈడ్చి, దాన్నే తినక తప్పని స్థితి మనం కోరుకున్నది కాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నది ఆ వెట్టిని తెంచుకోవడానికే. నచ్చింది తినే హక్కు వేరు, మిగిలింది తినాల్సిన వెట్టి వేరు. ఈ రెంటినీ కలగలిపి మనల్ని తిట్టేవాళ్లకు చరిత్ర తెలియదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. నల్గొండ రాతి నేలల్లోనూ ఫ్లోరైడ్ ఉంది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పళ్లు గారపట్టడం, నడుము వంగడం అక్కడ పాత రోగాలు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది పడింది, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. కొన్నేళ్లకు చుట్టుపట్ల ఊళ్లలో కొత్త అవిటితనం బయటపడింది. ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ పాదాలు ఎడంగా పోయాయి. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973 నుంచి దీని గురించి రాశారు. వాళ్ల వివరణ ఇది: నీటి ఊట వల్ల భూగర్భ జలం పైకొచ్చి నేల చౌడుబారింది. ఆ నేలలో జొన్న మాలిబ్డినం ఎక్కువగా పీల్చుకుంది. అది ఒంట్లోని రాగిని బయటికి తోసింది. ఫ్లోరిన్‌కు రాగి కరువు తోడై ఎముక మెత్తబడింది. వరి తినేవాళ్ల కంటే జొన్న తినేవాళ్లలోనే ఇది ఎక్కువ.

అంటే ఆనకట్ట నీళ్లు వరి పొలానికి పోయాయి, దాని రోగం జొన్న కంచంలోకి వచ్చింది. రాళ్లెత్తిన కూలీలకు ఇది అభివృద్ధి పంచిన వాటా.

ఫ్లోరైడ్‌కు కులం తెలియదు, నిజమే. ఊర్లో అందరి నీళ్లలోనూ అది ఉంటుంది. కానీ ఎండలో పొద్దంతా వంగి పనిచేసే మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు, నీళ్లతో పాటు విషమూ తాగుతాడు. పాలు, కూరగాయలు తినే ఇంట్లో అందే కాల్షియం ఎముకకు కొంత కాపు. మంచి నీళ్ల బావి దూరమైతే బండి కట్టి తెప్పించుకునే వాళ్లున్నారు. వాడ మనిషి తన బావి చెడితే ఊరి బావి గట్టు మీద దోసిలి పట్టి నిలబడాల్సిందే. మహద్ చెరువు పోరాటాన్ని మనం ఆత్మగౌరవ పోరాటం అంటాం. అది ఎముకల పోరాటం కూడా.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. వాడకు రోజూ తెల్లన్నం దొరకడం చిన్న విషయం కాదు, దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. జొన్న తగ్గిన కొద్దీ పెల్లాగ్రా అరుదైంది. 2016 నుంచి మిషన్ భగీరథ గొట్టాల్లో నది నీళ్లు వస్తున్నాయి, వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిలబడవు. అన్నం వచ్చింది గానీ పప్పు, పాలు, కూర అదే మోతాదున రాలేదు. పాలిష్ బియ్యమే ప్రధానమైన తిండి షుగర్ ముప్పు పెంచుతుందని ఇప్పుడు డాక్టర్లంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నిన్నటిదాకా కూలోళ్ల తిండి అన్న జొన్న రొట్టె పట్నంలో పెద్ద ధరకు అమ్ముడవుతోంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు మాత్రం ఆ గింజలను ఫ్యాషన్‌గా కాదు, తమ భూమిలో తమ విత్తనంగా, పప్పు పంటలతో కలిపి పండించారు. తేడా గింజలో లేదు, భూమి ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది.

కాబట్టి విద్యార్థులకు, కార్యకర్తలకు మేం చెప్పేది ఇదే. 'మీరు ఏం తింటారు' అన్న ప్రశ్నతో సర్వేకు వచ్చే వాళ్లను ఇంకో నాలుగు ప్రశ్నలు అడగమనండి: కూలి ఏ రూపంలో ఇచ్చారు, భూమి ఎంత, బావి ఎవరిది, ఎండలో ఎన్ని గంటలు? మన అవ్వలు బతికుండగానే ఈ జవాబులు రాసి పెట్టుకోవాలి. ఆస్పత్రి చీటీలో మన రోగం పేరు ఉంటుంది, దాని చరిత్ర ఉండదు. అది మనమే రాయాలి.