ఇంటి ఫోను, మొగుడి టేపు

పుట్టింటికి ఫోన్ చేసి అమ్మతో అరగంట మాట్లాడతాం. ఆ మాటలన్నీ ఎవరో రికార్డు చేసి రేపు కోర్టులో పెడితే? ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదిది.

ఒక తెలుగు జంట విడాకుల గొడవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. భార్య ఇతరులతో ఫోన్లో మాట్లాడిన మాటల్ని అమెరికాలో, ఆవిడకి తెలియకుండా రికార్డు చేసి, ఆ హార్డ్ డిస్కుని భర్త సాక్ష్యంగా తెచ్చాడు. కొన్ని మాటలు తనవేనని, కొన్ని కావని ఆవిడ చెప్పింది. గొంతు పరీక్ష చేయించమంది కింది కోర్టు. హైకోర్టు ఒప్పుకోలేదు. రాజ్యాంగం 21వ అధికరణం కింద ఆవిడకున్న గోప్యత హక్కుకి ఇది భంగమనీ, మాటలు నిజమైనా సాక్ష్యంగా పనికిరావనీ తేల్చింది. భార్య తన తల్లిదండ్రులతో మాట్లాడుకునే మాటల మీద కూడా నమ్మకం లేకపోతే ఇంక పెళ్లికి అర్థమేముందన్న ధోరణిలో సాగే ఆ తీర్పు 2008 లా రిపోర్టుల్లో అచ్చయింది.

రికార్డు చేసింది అమెరికాలో. మరి ఇక్కడి కోర్టులేమన్నాయి?

మొదట్లో గొడవంతా సర్కారు చెవి గురించే. సియాటిల్‌లో రాయ్ ఓమ్‌స్టెడ్ అనే మాజీ పోలీసు అధికారి దొంగసారా వ్యాపారం చేసేవాడు. ఏజెంట్లు అతని ఇంట్లోకి అడుగు పెట్టకుండా బయటి తీగలకే తగిలించి నెలల తరబడి విన్నారు. రాసుకున్నది 775 పేజీలు! గడప దాటలేదు కాబట్టి తప్పు లేదని 1928లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పేసింది. అది తిరగబడటానికి 39 ఏళ్లు పట్టింది. లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్ కాట్జ్ అనే జూదగాడు వాడే ఫోన్ బూత్ పైన ఎఫ్‌బీఐ రికార్డరు పెట్టింది. రాజ్యాంగం కాపాడేది మనుషుల్ని, స్థలాల్ని కాదని 1967లో కోర్టు అంది. మరుసటి ఏడాది వచ్చిన వైర్‌ట్యాప్ చట్టం, సర్కారే కాదు, ఎవరైనా సరే దొంగచాటుగా వినడం నేరమంది. అలా దొరికిన మాటలు కోర్టులో చెల్లవంది.

ఎవరైనా అంటే మొగుడు కూడానా?

1974లో సింప్సన్ కేసులో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కాదనే చెప్పింది. భర్త ఇంట్లోనే ఫోనుకి యంత్రం తగిలించి, భార్య వేరే మగాడితో మాట్లాడినవి రికార్డు చేశాడు. ఊరుకున్నాడా? ఇరుగుపొరుగుకీ, బంధువులకీ వినిపించాడు. చివరికి ఆవిడ లాయరుకీ వినిపిస్తే, ఆయన సలహా మీద ఆవిడ కేసు పోరాడకుండానే విడాకులకి ఒప్పుకుంది. అంత జరిగినా, ఆలుమగల ఇంటి లోపలికి ఈ చట్టాన్ని తేవాలని కాంగ్రెస్ అనుకున్నట్టు కనిపించడం లేదని జడ్జీలు తప్పుకున్నారు. జూదగాడికి ఫోన్ బూత్‌లో దొరికిన గోప్యత, ఇల్లాలికి సొంతింట్లో దొరకలేదన్నమాట. నాకు చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

వేరే సర్క్యూట్లు ఈ దారిన పోలేదు. 1976లో ఆరోది, 1984లో నాలుగోది, భార్యాభర్తలకి మినహాయింపేమీ లేదన్నాయి. ఐదో సర్క్యూట్ నుంచి విడిపోయిన పదకొండోది, అంటే అట్లాంటాలో కూర్చునే కోర్టు, 2003లో గ్లేజ్‌నర్ కేసులో గానీ సింప్సన్ తీర్పుని వదిలించుకోలేదు. 29 ఏళ్లు!

ఇండియాలో గాలి అటు తిరిగింది. భార్యకి తెలియకుండా భర్త రికార్డు చేసిన సంభాషణలు విడాకుల కేసులో సాక్ష్యంగా చెల్లుతాయని 2025 జులై 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ టేపుల్లో ఉన్నవి భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటలు. అమెరికా ఫెడరల్ చట్టం కూడా మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు రికార్డు చేస్తే సాధారణంగా తప్పనదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు మాత్రం అందరి అనుమతీ ఉండాలంటాయి. అమ్మతో మనం మాట్లాడే అరగంటలో మొగుడు ఆ ఇద్దరిలో ఎవరూ కాడు.