ఎర్రబోడు వలస

వలస అనగానే మన కథకులకు అమెరికా, గ్రీన్ కార్డు గుర్తొస్తాయి. చండ్రుగొండ అడవిలోని ఎర్రబోడు గుర్తురాదు. 2005 తర్వాత సల్వాజుడుంకూ మావోయిస్టులకూ మధ్య నలిగి, వేలాది గొత్తికోయలు పిల్లాపాపలతో ఛత్తీస్‌గఢ్ నుంచి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. దాటింది రాష్ట్రపు ఎల్లే. అయినా అక్కడ షెడ్యూల్డు తెగవారు ఇక్కడ కాకుండాపోయారు. 342వ అధికరణం ప్రకారం ఏ రాష్ట్రపు జాబితా ఆ రాష్ట్రానిదే మరి. పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి స్వాధీనంలో ఉండాలంది 2006 అటవీహక్కుల చట్టం. ప్రాణభయంతో పరుగెత్తేవాడు తేదీ చూసుకుని బయల్దేరడు కదా!

2022 నవంబరులో ఇక్కడ అటవీ అధికారి హత్యకు గురయ్యాడు. ఆ హత్యను ఏ అభ్యుదయవాదీ సమర్థించలేడు. నేరం చేసినవారిని విచారించడానికి కోర్టులున్నాయి. బెండాలపాడు పంచాయతీ మాత్రం ఎర్రబోడు గొత్తికోయలందర్నీ వెళ్లగొట్టాలని తీర్మానించింది.