ప్రత్యర్థి సేన పుస్తకం కొనవలెనా? బొమ్మల యుద్ధక్రీడలో నియమ గ్రంథాల సంగతి

సరిహద్దు జిల్లాలలో పులిజూదం ఎరుగని పల్లె అరుదు. తమిళ సీమలో దానిని ఆడు పులి ఆట్టమనీ, కన్నడ సీమలో ఆడు హులి ఆట అనీ అంటారు. ఊరిని బట్టి లెక్క మారినా, 3 పులులు, 15 మేకలతో ఆడే పద్ధతి ప్రసిద్ధం. పులి మేకపై నుండి దూకి దానిని చంపగలదు. మేకకు దూకే శక్తి లేదు. తోటి మేకలతో కూడి పులికి దారి మూయగలదు. ఇరుపక్షాల బలాలు వేరు, నడకలు వేరు. అయినప్పటికీ మేకల పక్షం వహించినవానికి పులి నడక తెలియకపోవడమన్నది ఉండదు. అరుగు మీది గీతల ముందు కూర్చున్న నాడే రెండు నడకలూ పట్టుబడతాయి. అందుకు పైసా ఖర్చు లేదు.

ఒక్కొక్క పక్షం నియమాలను ఒక్కొక్క పుస్తకంగా అచ్చువేసి అమ్మే ఆట ఒకటి పాశ్చాత్య దేశాలలో విశేష ప్రచారంలో ఉన్నది. చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసి, బల్లపై బారులు తీర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడే యుద్ధక్రీడ అది. చదువులకో, కొలువులకో దూరదేశం వెళ్ళిన పిల్లలు ఈ ఆటలో దిగితే, వారికీ, ఖర్చు భరించే ఇంటివారికీ ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. తన సేన పుస్తకం సరే, ఎదుటివారి సేనల పుస్తకాలు కూడా కొనవలెనా?

ఆట పుట్టుపూర్వోత్తరాలు

యుద్ధాన్ని బల్లపై ఆడే పద్ధతికి ప్రష్యా దేశం పెట్టింది పేరు. అచటి సైనికాధికారి రైస్విట్జ్ 1824లో క్రీగ్‌స్పీల్ అనే శిక్షణ క్రీడ నియమాలను ప్రకటించాడు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో లిటిల్ వార్స్ అనే పుస్తకం వ్రాసి, బొమ్మ సైనికుల ఆటను ఇళ్ళలోకి తెచ్చాడు. గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1975లో లండన్‌లో ఆరంభమైంది. నేడు దాని ప్రధాన కార్యాలయం ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉన్నది. ఆ సంస్థ 1983లో వార్‌హ్యామర్‌ను, 1987లో రిక్ ప్రీస్ట్‌లీ రచించిన వార్‌హ్యామర్ 40,000ను వెలువరించింది. ఈ రెండవ ఆటకు 1993లో వచ్చిన 2వ కూర్పు నుండి ఒక్కొక్క సేనకు ఒక్కొక్క ప్రత్యేక గ్రంథం రావడం మొదలైంది. దానినే కోడెక్స్ అంటారు. సేన చరిత్ర, చిత్రాలు, రంగుల నమూనాలు, ప్రతి దళం యొక్క బలాబలాలు అందులో ఉంటాయి. ఇప్పుడు ఆ ఆటలో ఇరవైకి పైగా సేనలు ఉన్నాయి. అన్ని పుస్తకాలూ కొనడం సామాన్య కుటుంబానికి తలకు మించిన భారం.

ఎదుటి సేనను ఎరుగకపోతే నష్టమేమి?

నష్టం నిజమే. 2023లో వెలువడిన 10వ కూర్పు నుండి ఒక ఉదాహరణ చూడవచ్చు. స్పేస్ మెరీన్ సైనికుని బోల్ట్ రైఫిల్ బలం 4. ఆ తుపాకి గుండ్లు 12 గురికి తగిలాయనుకొందాం. ఎదుట నిలిచినవాడు ఆస్ట్రా మిలిటారం సాధారణ సైనికుడైతే అతని దార్ఢ్యం 3. పాచికపై 3 గాని అంతకు మించి గాని పడితే గాయమవుతుంది. సగటున 12లో 8 గాయాలు. ఎదుట ఓర్క్ జాతి పదాతి ఉంటే దార్ఢ్యం 5. అప్పుడు 5 గాని 6 గాని పడాలి. సగటున 4 గాయాలే. కవచం వల్ల తప్పే గాయాల లెక్క ఆ తరువాతిది. తుపాకి ఒకటే, గుండ్లు ఒకటే, ఫలితం సగం. ఈ సంగతి ఎరుగనివాడు తన బలగాన్ని తగని చోట వెచ్చించి, ఆట సగం కాకమునుపే చతికిలబడతాడు.

మొదట బల్లపై లేకుండా దాగి ఉండి, తరువాత శత్రువుకు 9 అంగుళాలకు మించిన దూరంలో హఠాత్తుగా దిగే దళాలు కూడా ఆ కూర్పులో ఉన్నాయి. ఎదుటి సేనలో అట్టివి ఉన్నాయని తెలిసినవాడు వెనుక భాగాన్ని కాచుకొంటాడు. తెలియనివాడు ముందుకే చూస్తూ ఉంటాడు.

పుస్తకాల ఆయుష్షు

అంతమాత్రాన అన్ని పుస్తకాలూ కొనడం వివేకం కాదు. 2014, 2017, 2020, 2023 సంవత్సరాలలో ఈ ఆటకు కొత్త కూర్పులు వచ్చాయి. 2020 కూర్పు వచ్చినపుడు పాత కోడెక్సులు చెల్లాయి. 2017లోను, 2023లోను మాత్రం అంతకుముందరి నియమాలన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. 2023 ఫిబ్రవరిలో వెలువడిన వరల్డ్ ఈటర్స్ కోడెక్సులోని నియమాలు ఆ ఏడు జూన్ నాటికే పాతబడ్డాయి. దళాలకు కట్టిన విలువలను కూడా సంస్థ మధ్యమధ్య సవరించి ఉచితంగా ప్రకటిస్తుంది. తన సేన పుస్తకం చెల్లకపోతేనే బాధ. ఎన్నడూ ఆడని సేనల పుస్తకాలు అటకెక్కితే ఆ బాధ మరింత ఎక్కువ.

కొనకనే తెలుసుకొనే మార్గాలు

మొదటిది, ఉచితంగా దొరికేదానిని చదవడం. 2023లో మూల నియమాలనూ, ఆనాటి సేనలన్నిటి సంక్షిప్త వివరాలనూ సంస్థ ఉచితంగా ఇచ్చింది. తరువాత ఏ సేనకు కోడెక్స్ వస్తే, ఆ సేన వివరాల స్థానాన్ని కోడెక్సే ఆక్రమించింది.

రెండవది, అడగడం. పోటీలలో ఇరువురూ తమ సేన జాబితాలను ఆటకు ముందే ఇచ్చిపుచ్చుకోవడం ఆనవాయితీ. స్నేహపూర్వకమైన ఆటలో సైతం పది నిమిషాలు కూర్చొని, ఏ దళం ఎంత దూరం నడుస్తుంది, ఏది హఠాత్తుగా దిగుతుంది, ఏ శక్తిని ఎన్నిసార్లు వాడవచ్చు అని అడిగితే చెప్పడం మర్యాద. ఆట నడుమ సందేహం వస్తే ఎదుటివారి పుస్తకంలో ఆ పుటను చూపమనడం తప్పు కాదు.

మూడవది, ఎరవు తెచ్చుకోవడం. ఒక బృందంలో అయిదుగురు అయిదు సేనలు ఆడితే, అయిదు పుస్తకాలు అక్కడే ఉన్నట్లు లెక్క. నెలకొకటి చేతులు మారితే అయిదు నెలలలో అందరూ అన్నీ చదువుతారు. పుస్తకాన్ని దొంగచాటుగా నకలు తీయడం మాత్రం తగదు.

కొనదగిన సందర్భాలు

వారం వారం ఒకే ప్రత్యర్థితో, ఒకే సేనతో తలపడేవారికి ఆ పుస్తకం అక్కరకు వస్తుంది. పెద్ద పోటీలకు సిద్ధమయ్యేవారికి, మున్ముందు ఆ సేననే తాము కూర్చుకోదలచినవారికి, కథలపైన, చిత్రాలపైన మక్కువ కలవారికి కూడా కొనుగోలు వృథా కాదు. కథ కొరకైతే పాత కూర్పు చాలు, అది చౌకగా దొరుకుతుంది. 2020 తరువాతి పుస్తకాలలో ఫోన్ యాప్ కొరకు ఒక సంకేతం ఉంటుంది. అది ఒక్కసారే పనిచేస్తుంది గనుక, ఎవరో వాడిన పుస్తకం కొనేటపుడు ఆ సంగతి విచారించుకోవాలి.

ఇతర క్రీడల తీరు

అన్ని యుద్ధక్రీడలూ ఇట్లే ఉండవు. ఫిల్ బార్కర్ ప్రభృతులు 1990లో వెలువరించిన డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్‌లో నియమాలూ, ప్రాచీన సేనల జాబితాలూ ఒకే పుస్తకంలో ఇమిడి ఉన్నాయి. స్పెయిన్ దేశపు కోర్వస్ బెల్లి సంస్థ ఇన్ఫినిటీ అనే ఆట నియమాలనూ, సేనల వివరాలనూ ఉచితంగా అందిస్తుంది. అందులో కొన్ని దళాలను దాచి ఉంచడం ఆటలో భాగమే. అయినా ఏ సేనకు అట్టి దళాలు ఉండగలవో ముందుగానే చదువుకొనే వీలు అందరికీ ఉన్నది.

ముఖ్య విషయం ఇదే. ఎత్తును దాచుకోవడం ఆట. నియమాన్ని దాచుకోవడం ఆట కాదు. పులి ఎటు దూకుతుందో మేకల పక్షం ఊహించాలి గాని, పులి దూకగలదని మొదటి మేక చచ్చిన తరువాత తెలియరాదు. కనుక మొదట తన సేన పుస్తకం కొని, అందులోని ప్రతి దళం సంగతి ఎదుటివారికి వివరించగలిగేంతగా చదవాలి. తరువాత ఎదుటివారిని అడగాలి, ఎరవు తెచ్చుకోవాలి. పది ఆటల తరువాత కూడా ఒక సేన కొరుకుడు పడకపోతే, ఆ ఒక్క పుస్తకం కొనవచ్చు.