అమ్మ బొమ్మల కింద రాసిన మాటలు

మహాలయ అమావాస్య దగ్గర పడింది. అటక మీది పెట్టెలు కిందికి దిగే కాలం. అందుకే ఈసారి కొలువు బొమ్మల గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. నాది తమిళ మీడియం చదువు. ఒత్తులు తప్పితే పెద్దలు దిద్దండి.

పోయిన ఏడు దసరాకు మా అక్క కూతురు అమెరికా నుంచి వచ్చింది. ఆ పిల్లకు బార్బీ బొమ్మలు పోగుచేసే అలవాటు. ఫోనులో చూపించింది. గోడ పొడుగునా అద్దాల అల్మారా, నిండా బొమ్మలు. ఒక్కటీ పెట్టెలోంచి బయటికి తీయలేదు. “ఎందుకమ్మా మూసి పెట్టినావు?” అంటే, “లిమిటెడ్ ఎడిషన్ మామా, తెరిస్తే విలువ పోతుంది” అనింది. మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కారణం తర్వాత చెప్తాను.

ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక చరిత్ర ఉంది. బార్బీ 1959 మార్చిలో న్యూయార్కు బొమ్మల ప్రదర్శనలో మొదటిసారి కనబడింది. మాటెల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన రూత్ హ్యాండ్లర్ ఆలోచన అది. అప్పుడది పిల్లలు ఆడుకునే బొమ్మ, అంతే. 1988లో ఆ కంపెనీ క్రిస్మస్ కాలానికి ఎర్ర గౌను వేసిన ‘హ్యాపీ హాలిడేస్’ బార్బీని తెచ్చింది. చప్పున అమ్ముడుపోయింది. దొరకనివాళ్లు ఎక్కువ ఇచ్చి కొన్నారు. అది చూసి తర్వాతి ఏళ్ల పండుగ బార్బీలను జనం కొని దాచినారు, కంపెనీ కూడా ఎక్కువగా చేసింది. అందరి ఇంట్లోనూ భద్రంగా ఉన్న వస్తువుకు ధర ఎక్కడినుంచి వస్తుంది? మొదటిదానికి వచ్చిన పేరు వాటికి రాలేదు.

“మరి డబ్బు రాదని తెలిసీ ఎందుకు కొంటావు?” అన్నాను. “ఇప్పుడు తప్పితే మళ్లీ దొరకదనే భయం మామా. ఒకటి ఇంటికి వచ్చినాక కొన్ని రోజులు నిమ్మళంగా ఉంటుంది. మళ్లీ ఇంకోటి వస్తుంది” అనింది. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మన కొలువు బొమ్మల్లో కూడా మళ్లీ దొరకనివి ఉన్నాయి. కంపెనీ లెక్క పెట్టి ఆపినవి కావు. చెట్టు, అచ్చు, చెయ్యి, ఈ మూడూ పెట్టిన హద్దు అది.

మొదట కొలువు సంగతి. కొలువు అంటే రాజసభ. తమిళంలో అదే మాట కొలు, గొలు అయింది. విజయనగరంలో మహానవమి ఎట్లా జరిగేదో 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు పేయిష్ రాసి పెట్టినాడు. ఆ తర్వాత మైసూరు ఒడయర్లు 1610లో శ్రీరంగపట్నంలో దసరా మొదలుపెట్టినారు. రాజు కొలువు చూసి ఇళ్లలో బొమ్మల కొలువు వచ్చిందని మన పెద్దలు అంటారు. ఆంధ్రలో చాలా ఇళ్లలో సంక్రాంతికి పెడతారు. ఇక్కడ మనం చుట్టుపక్కల తమిళుల మాదిరి నవరాత్రికి పెడతాము. మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో మెట్లు, ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ. విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగిస్తాము.

ఈ కొలువుకు తల మరపాచి జోడి. ఎర్రచందనం కొయ్యతో చేసిన ఆలుమగలు. పెళ్లికూతురికి పుట్టింటివాళ్లు ఇస్తారు. తిరుపతికి పోయినవాళ్లు తెచ్చుకునేవాళ్లు. మైసూరు వైపు ఇట్లాంటి జోడినే పట్టద గొంబె అంటారు. ఎర్రచందనం కడప, చిత్తూరు వైపు కొండల్లోనూ వాటిని ఆనుకుని ఉన్న ప్రాంతాల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో దానంతట అది పెరగదు. దొంగ నరుకుళ్ల సంగతి మీకు తెలిసిందే. 1995లో ఆ చెట్టును సైటెస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో చేర్చినారు. 2021లో ప్రమాదంలో ఉన్న జాతి అని మళ్లీ ప్రకటించినారు. ఇప్పుడు అంగట్లో మరపాచి అని ఇచ్చేవాటిలో చాలావరకు వేరే కొయ్యకు రంగు వేసినవి. అవ్వ కాలం నాటి జోడి మీ ఇంట్లో ఉంటే, అది నిజంగా లిమిటెడ్ ఎడిషనే.

మట్టి బొమ్మకు హద్దు అచ్చు. పణ్రుట్టి, కాంచీపురం, మదురై దగ్గర విళాచ్చేరి, ఈ ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే ఈ పనిలో ఉన్నాయి. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు అచ్చుల్లో మట్టి ఒత్తి అతికిస్తారు. కాగితపు గుజ్జుతో చేసినా పద్ధతి అదే. వాడే కొద్దీ అచ్చు అరుగుతుంది. ముక్కు మొద్దుబారుతుంది, వేళ్లు కలిసిపోతాయి. ఆ అచ్చు పారేసినారంటే ఆ ముఖం మళ్లీ రాదు. కొత్త అచ్చులో వచ్చేది ఇంకో చెట్టియారు, ఇంకో గాంధీ తాత.

మన కొండపల్లి బొమ్మకు అచ్చు కూడా లేదు. తెల్ల పొణికి కొయ్య చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దతో చేతులు, కాళ్లు అతికిస్తారు. అక్కడ హద్దు మనిషి చెయ్యి. ఆ చేతి పని కొడుకు నేర్చుకోకపోతే అంతటితో సరి.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మది తిరుత్తణి తాలూకా. అమ్మ బడికి పోయినప్పుడు అది చిత్తూరు జిల్లా, చదువు తెలుగులో. 1960 ఏప్రిల్ 1న హద్దులు మారినాయి. సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకు పోయినాయి, తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. నేను ఆ ఏడే పుట్టినాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.

అమ్మకు ఒక అలవాటు. ప్రతి బొమ్మ కింద పెన్సిలుతోనో, ఇంకుతోనో రెండు మూడు వరుసలు రాసేది. మేము ఎవరమూ చదివింది లేదు. ధర రాసిందేమో అనుకునేవాళ్లము.

1999లో నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. కొత్త క్వార్టర్సు రెండు గదులు. అమ్మాయి హాస్టలు ఫీజు కట్టాల. పాత సామాన్లు కొనే ఆయన ఒకరు ఇంటికి వచ్చి, బ్యాండు మేళం సెట్టు, చెట్టియారు జోడి, ఇంకా రెండు బొమ్మలు ఏరుకుని పదిహేను వందలు ఇచ్చినాడు. అమ్మ అప్పుడు అక్క ఇంట్లో ఉంది. ఆయన బొమ్మలను తిరగేసి కింద రాసింది చూసి, “ఇదేమి సార్?” అన్నాడు. “ఏమో, ధర” అన్నాను. తడిగుడ్డతో తుడిచేసుకోండి, పోతుంది అని కూడా చెప్పినాను.

దసరాకు అమ్మ వచ్చి పెట్టెలు విప్పింది. “బ్యాండు ఏదిరా?” అనింది. లారీలో పగిలిపోయినాయని అబద్ధం చెప్పినాను. పార్సిల్ ఆఫీసులో అన్నేళ్లు పనిచేసినవాణ్ణి, అద్దాలూ జాడీలూ ఎట్లా కట్టాలో ఊరికంతా చెప్పినవాణ్ణి. అమ్మ నా ముఖం చూసింది, ఇంకేమీ అడగలేదు. బ్యాండు ఉండే మెట్టు మీద ఆ ఏడు వేరే బొమ్మ పెట్టలేదు. 2011లో పోయింది. నిజం చెప్పనేలేదు.

రిటైరైనాక మన సంఘం ఆదివారం క్లాసులో చిన్న పిల్లల పక్కన కూర్చుని అఆలు నేర్చుకున్నాను. చాలామంది చూసినారు, కొంతమంది నవ్వినారు కూడా. కారణం ఇప్పుడు చెప్తున్నాను. ఆ బొమ్మల కింద ఉన్నది చదవాలని.

చదివినాను. ధరలు ఉన్నాయి, నిజమే. గొల్లభామ బొమ్మ కింద: “1960 దసరా. తాలూకా మారిన ఏడు. చిన్నోడు పుట్టినాడు. అణా తగ్గించలేదు.” ఒక వినాయకుడి కింద నాయనకు జ్వరం తగ్గిన సంగతి. మరపాచి ఆడబొమ్మ పాదం కింద: “మా అమ్మ ఇచ్చింది. ఎడమ చెయ్యి అతికించినాను, గట్టిగా పట్టుకోవద్దు.” ఆ మాట ఎవరికోసం రాసిందో చెప్పక్కరలేదు. ఆ చెయ్యి ఒకసారి నా దగ్గరే ఊడింది, అమ్మే మళ్లీ అతికించి ఉంటుందని అప్పుడు గదిలో ఒక్కణ్ణే అనుకున్నాను.

అమ్మిన వాటి కింద ఏముందో ఇక తెలియదు. బ్యాండు సెట్టు లాంటిది మైలాపూరు ఉత్తర మాడవీధిలో ఇప్పుడూ దొరుకుతుంది. కొత్తది కొని పెట్టినాను కూడా. అందంగానే ఉంది. కింద ఖాళీ.

మేనకోడలు మాటకు నాకు నవ్వు రానిది ఇందుకే. ఆ పిల్ల తన బొమ్మ విలువ తెలిసి పెట్టె మూసింది. నేను విలువ తెలియక పెట్టె తెరిచి ఇచ్చేసినాను. ఇద్దరిలో తెలివైనది ఆ పిల్లే. కానీ ఒక్క తేడా ఉంది. బార్బీ పెట్టెలో ఉంటేనే కొత్తది. మన బొమ్మ ఏటా బయటికి రావాల, తొమ్మిది రోజులు నలుగురి కళ్లలో పడాల, ఒకరు తుడవాల, ఒకరు అతికించాల. ఇరవై ఏళ్లు అటక మీదే ఉండిపోయిన బొమ్మను పిల్లలు గుర్తుపట్టరు. గుర్తుపట్టని బొమ్మను అమ్మేటప్పుడు చెయ్యి వణకదు. నాకు వణకలేదు.

అందుకని సభ్యులకు నా మనవి. ఈ నవరాత్రికి పెట్టెలు దించినప్పుడు ప్రతి బొమ్మనూ తిరగేసి చూడండి. రాత ఉంటే తుడవకండి, ఫోటో తీయండి. చదవలేకపోతే నాకు పంపండి, ఇప్పుడు నాకు వచ్చు. రాత లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మీరే రాయండి, ఏ ఏడు, ఏ ఊరు, ఎవరు తెచ్చినారు అని. తెలుగులో రాయండి, పక్కన పిల్లలకు వచ్చే అక్షరాల్లో కూడా రాయండి. మా అమ్మ ఆ ఒక్క పని చేసి ఉంటే నేను అప్పుడే చదివి ఉందును. తప్పు అమ్మది కాదు, అడగని నాది.

పోయిన దసరాకు మరపాచి జోడిని మా కోడలి చేతికి ఇచ్చినాను. ఎడమ చెయ్యి సంగతి ముందే చెప్పినాను.