కోరంగి డాకు కథ



రైలు పెట్టె రిపేరుకు షెడ్డుకు పోయినట్టు, ఓడ డ్రై డాకుకు పోవాలి. ఓడ లోపలికి వచ్చాక తలుపు మూసి నీళ్ళు తోడేస్తారు; అప్పుడే అడుగుభాగం బాగుచేయగలరు.

గోదావరి సముద్రంలో కలిసేచోట, కోరంగిలో, ఎబెనీజర్ రోబక్ దొర 1802లో అట్లాంటి డాకు కట్టించాడు. పక్కనే తాళ్ళరేవులోనూ ఓడలు కట్టేవారు. 1789లో, 1839లో ఉప్పెనలు కోరంగిని ముంచేశాయి. మిగిలిన రేవును గోదావరి ఒండ్రు పూడ్చింది. పెద్ద ఓడల వ్యాపారం కాకినాడకు పోయింది.

ఊరు పోయినా పేరు పోలేదు. బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్ళను, ఏ ఊరివాళ్ళైనా, అక్కడ 'కోరంగీలు' అన్నారు, అదీ చులకనగా. మన పిల్లలకు చెప్పండి: అది ఓడలు కట్టిన ఊరి పేరు.